బిల్లులో లేని ఎర్రజెండా

12ను 45తో గుణిస్తే 540. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో గంటకు 45 మైళ్ళ వేగం ఉన్న రోడ్డు మీద ఒక లేన్ మూసి గుంటలు పూడ్చాలంటే ముందు వేసుకునే లెక్క ఇదే. లేన్ వెడల్పు 12 అడుగులు, వేగం 45 మైళ్ళు. కాబట్టి వచ్చే కార్లను మెల్లగా పక్క లేన్‌లోకి జరిపే నారింజ డ్రమ్ముల ఏటవాలు వరస 540 అడుగులు సాగాలి. 70 మైళ్ళ ఫ్రీవే అయితే 840. ఇళ్ళ మధ్య 30 మైళ్ళ వీధికి సూత్రమే మారుతుంది, అక్కడ 180 అడుగులు చాలు. ఈ లెక్క ఆఫీసులో కూర్చున్న ఇంజనీరు సొత్తు కాదు. ట్రక్కు వెనక నిలబడి డ్రమ్ములు దించే మనిషికీ తెలియాలి. ఎవరి పనికి తగ్గ తర్ఫీదు వారికి లేకుండా రోడ్డు మీదికి పంపకూడదన్నది ఇక్కడి నియమం.

మన హైవేల మీద ఇదే పనికి వేపకొమ్మ, రెండు రాళ్ళు, సున్నం కొట్టిన తారు డబ్బా, ఇసుక బస్తా వాడతాం. వేపకొమ్మను తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఆగిపోయిన లారీ వెనక పచ్చి కొమ్మ కనిపిస్తే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి డ్రైవరుకూ అర్థమయ్యే భాష అది. ఒక చిక్కు చీకటి పడ్డాక ఆ కొమ్మ కనిపించకపోవడంతో వస్తుంది. ఇంకో చిక్కు, పనయ్యాక రాళ్ళు తీసేవాడు ఉండడు. లారీ వెళ్ళిపోతుంది, రాయి అక్కడే ఉంటుంది. తెల్లవారుజామున పాలక్యాన్లతో వచ్చే మోటార్ సైకిల్ దాన్ని వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చి తగులుతుంది.

ఫార్మింగ్టన్ హిల్స్ డెట్రాయిట్‌కు వాయవ్యంగా, మిషిగన్ రాష్ట్రం ఓక్లాండ్ కౌంటీలో ఉంది. జనాభా 84 వేల లోపు. దక్షిణాన ఎయిట్ మైల్ రోడ్డు, ఉత్తరాన ఫోర్టీన్ మైల్ రోడ్డు, మధ్యలో మైలుకో రోడ్డు. నిస్సాన్ సాంకేతిక కేంద్రం, బాష్ కంపెనీ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నాయి. పక్క ఊరు నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. కార్ల పరిశ్రమ పుణ్యమా అని ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు కొదవలేదు. కారుకు బ్రేకు ఎలా పడాలో రాసే కుర్రాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. ఆ కారు నడిచే రోడ్డు ఎవరిదో మాత్రం మనలో చాలామందికి తెలియదు. నాకూ చాలాకాలం తెలియలేదు.

ఈ ఊళ్ళో రోడ్లకు ముగ్గురు యజమానులు. ఐ-696 ఫ్రీవే రాష్ట్రానిది. ఆర్చర్డ్ లేక్ లాంటి పెద్ద రోడ్డు కౌంటీ రోడ్డు కమిషన్‌ది. మన ఇంటి ముందు వీధి నగరానిది. 1951 నాటి 51వ చట్టం ఈ పంపకాలు చేసింది, పెట్రోలు పన్నులో ఎవరి వాటా ఎంతో కూడా అదే చెప్పింది. గుంట పడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసుకోవడానికి పనికొచ్చే సంగతే ఇది. ఈ వ్యాసానికి మాత్రం వేరే కారణంతో అవసరం. రోడ్డుకు యజమాని తేలితే, ఆ రోడ్డు మీద పనిచేసే మనిషికీ యజమాని తేలతాడు. ఆ మనిషికి నేర్పాల్సింది ఎవరన్న ప్రశ్నకు జవాబు అప్పుడే దొరుకుతుంది.

అమెరికా రోడ్లలో నాలుగింట మూడు వంతులు ఇలాంటి కౌంటీల, పట్టణాల, పల్లెల చేతుల్లోనే ఉన్నాయి. చిన్న ఊరి రోడ్ల శాఖలో పదిమందికి మించి ఉండరు. మంచు తొయ్యడం, కాలువ తియ్యడం, చెట్టు కొట్టడం, గుంట పూడ్చడం అన్నీ ఆ పదిమందే. వీళ్ళకు కొత్త పద్ధతులు ఎవరు చెబుతారన్న ప్రశ్నతో 1982లో కేంద్ర హైవే శాఖ గ్రామీణ ప్రాంతాల కోసం ఒక సాంకేతిక సహాయ పథకం మొదలుపెట్టింది. 1991 రవాణా చట్టం దాన్ని పట్టణాలకూ విస్తరించి, స్థానిక సాంకేతిక సహాయ పథకం అని పేరు మార్చింది. పొట్టి పేరు ఎల్‌టాప్. రాష్ట్రానికో కేంద్రం ఉంటుంది, ఎక్కువ చోట్ల ఏదో ఒక విశ్వవిద్యాలయంలో. మిషిగన్ కేంద్రం హౌటన్‌లోని మిషిగన్ టెక్‌లో ఉంది. డెట్రాయిట్ నుంచి దాదాపు 550 మైళ్ళు, ఏటా 200 అంగుళాల మంచు పడే ఊరు. రోడ్డు పనివాళ్ళకు పాఠం చెప్పే బడిని అంతకంటే తగిన చోట పెట్టడం కష్టం.

ఈ పథకంలో నాకు నచ్చింది తరగతి గదిలో ఎవరు కూర్చుంటారన్నది. డిగ్రీ ఉన్న ఇంజనీర్లతో పాటు గ్రేడర్ నడిపేవాడు, గ్యాంగు ఫోర్‌మన్, డ్రమ్ములు పెట్టేవాడు కూడా వస్తారు. కంకర రోడ్డుకు మధ్యలో ఎంత ఎత్తు ఉంటే నీళ్ళు నిలవవు, ఏ చలిలో ఉప్పు పనిచేస్తుంది, ఎంత చలి దాటాక ఉప్పు చల్లడం దండగ, ఇలాంటివే పాఠాలు.

ఒక ఉదాహరణ చెబుతాను. మిషిగన్‌లో పన్ను డబ్బు పడే రోడ్లకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తారు. పాసర్ అంటారు ఆ పద్ధతిని, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. కారులో ముగ్గురు కూర్చుంటారు. ఒకరు రాష్ట్ర శాఖ మనిషి, ఒకరు కౌంటీ లేదా నగరం మనిషి, ఒకరు ప్రాంతీయ ప్రణాళికా సంస్థ మనిషి. మెల్లగా నడుపుతూ అద్దంలోంచి రోడ్డు చూసి మార్కు చెబుతారు. పగుళ్ళు లేకుండా నున్నగా ఉంటే తొమ్మిదో పదో. అక్కడక్కడా పగుళ్ళు మొదలైతే ఆరు, ఏడు. మొసలి తోలులా అల్లుకుపోతే రెండు, మూడు. ముగ్గురికీ ఒకే శిక్షణ, ముగ్గురి ముందూ ఒకే ఫొటోలు. రాజకీయ నాయకుడి ఇంటి ముందు రోడ్డుకు ఎనిమిది వేద్దామని ఒకరు అన్నా మిగతా ఇద్దరూ తల ఊపరు. ఇందులో సాంకేతికత పెద్దగా లేదు. చూడటం నేర్పారు, అంతే. ఆరు మార్కుల దగ్గర పగుళ్ళు పూడిస్తే అయ్యే ఖర్చుకూ, రెండుకు పడిపోయాక తవ్వి వేసే ఖర్చుకూ ఉన్న తేడా చూడటం వచ్చినవాడికే కనిపిస్తుంది.

చూడటం రాకపోతే ఏమవుతుందో నాకు అనుభవం. నేను ఇక్కడికొచ్చిన తొలి చలికాలం, మంచు తోసే ట్రక్కు గంటకు 30 మైళ్ళలో పోతుంటే విసుగొచ్చి పక్కనుంచి దాటబోయాను. పక్క సీట్లో మా బావగారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న మనిషి. నా చెయ్యి పట్టుకుని, "ఆగవయ్యా బాబూ! దాని వెనక ఉన్నంతసేపే మనకు రోడ్డు. దాటి ముందుకెళ్తే రోడ్డేది?" అన్నారు. అప్పుడు చూశాను. ట్రక్కు కుడివైపున ఇంకో రెక్క చాచుకుని ఉంది. ఆ మంచు ధూళిలో అది నాకు కనిపించనే లేదు. ఆ ట్రక్కు డ్రైవరు తరగతి గదిలో కూర్చుని నేర్చుకుని వచ్చాడు. నేర్చుకోకుండా వచ్చింది నేను. మన పిల్లలు లైసెన్సు పరీక్షకు ఆన్‌లైన్ ప్రశ్నలు బట్టీ కొట్టి వస్తారు. పనివాళ్ళు ఉన్నచోట 45 దాటొద్దన్న బోర్డూ, పసుపు దీపాలతో ఆగిన మరమ్మతు బండి కనిపిస్తే పది మైళ్ళు తగ్గించి పక్క లేన్‌కు జరగాలన్న చట్టమూ జరిమానా పడ్డాకే గుర్తొస్తాయి.

రోడ్డు పనుల చోట అమెరికాలో ఏటా 900 మందికి అటూ ఇటూగా చనిపోతున్నారు. చనిపోయినవారిలో ప్రతి అయిదుగురిలో నలుగురు కూలీలు కారు. డ్రైవర్లు, కార్లలో కూర్చున్నవాళ్ళు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. పనివాడి భద్రత అనగానే అదేదో పనివాడికి చేసే మేలులా మాట్లాడతాం. 540 అడుగుల వరస సరిగ్గా పెట్టడం వచ్చిన మనిషి ముందుగా కాపాడేది తనను కాదు, ఫోన్ చూస్తూ వచ్చే మనల్ని.

అమెరికా అంతా ఇలా నేర్చుకుని కూర్చుందని రాస్తే అబద్ధమవుతుంది. 1970 నాటి కేంద్ర వృత్తి భద్రతా చట్టం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులకు నేరుగా వర్తించదు. రాష్ట్రం తన సొంత చట్టం చేసుకుంటేనే వాళ్ళకు రక్షణ. మిషిగన్ 1974లో చేసుకుంది, చేసుకోని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. అక్కడ ప్రైవేటు కాంట్రాక్టరు కూలీకి ఉన్న రక్షణ నగరం జీతగాడికి లేదు. ఇంకోవైపు చూస్తే, 2024 మార్చి 26 తెల్లవారుజామున బాల్టిమోర్‌లో నౌక ఢీకొని వంతెన కూలినప్పుడు దాని మీద గుంటలు పూడుస్తున్న ఆరుగురు చనిపోయారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ నుంచి వలస వచ్చినవాళ్ళు. నౌక నుంచి ప్రమాద సంకేతం అందగానే పోలీసులు వంతెనకు రెండు వైపులా కార్లను ఆపేశారు. వంతెన మీద ఉన్న పనివాళ్ళకు మాత్రం కబురు సమయానికి చేరలేదు. అదే బాల్టిమోర్ శివారులో అంతకు ఏడాది ముందు, 2023 మార్చిలో, అదుపు తప్పిన కారు పని జాగాలోకి దూసుకెళ్ళి ఇంకో ఆరుగురిని చంపింది. శిక్షణకు కూడా ఒక హద్దు ఉంది, ఆపైన చట్టం కావాలి. 2001 నుంచి మిషిగన్‌లో రోడ్డు పనివాడిని చంపిన డ్రైవరుకు 15 ఏళ్ళ దాకా జైలు, 7,500 డాలర్ల దాకా జరిమానా. చట్టం, శిక్షణ, డ్రమ్ములు మూడూ కలిస్తేనే కొంచెం రక్షణ.

అయినా ఇక్కడి పద్ధతి నిలబడటానికి అసలు కారణం మంచితనం కాదు, బిల్లు. మిషిగన్ రోడ్ల శాఖ కాంట్రాక్టులో డ్రమ్ములకు విడిగా ధర ఉంటుంది, బోర్డులకు విడిగా ఉంటుంది. ఎర్రజెండా మనిషిని ఇక్కడ ట్రాఫిక్ రెగ్యులేటర్ అంటారు, ఆ మనిషి పనికి కూడా బిల్లులో సొంత వరస ఉంటుంది. కాంట్రాక్టరు డ్రమ్ము పెడితే డబ్బు వస్తుంది, పెట్టకపోతే రాదు. ఆ రెగ్యులేటర్ ఎక్కడ నిలబడాలో, పారిపోయే దారి ఎటు చూసుకోవాలో, వెనక పనిచేస్తున్నవాళ్ళను ఎలా హెచ్చరించాలో చెప్పే చిన్న పుస్తకం శాఖే అచ్చు వేసింది. గుంపులో కాకుండా ఒంటరిగా, రోడ్డు అంచున, దూరం నుంచి కనిపించే చోట నిలబడాలి. కబుర్లు చెప్పే తోడు ఉండకూడదు. పని బోరు కొడుతుంది. బోరు కొట్టడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఇప్పుడు మన సంగతి. పుస్తకాల్లో మనకు లోటేమీ లేదు. రోడ్డు పనుల చోట ట్రాఫిక్ ఎలా నడపాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ-55 అన్న సంచిక వేసింది, 2014లో సవరించింది. నాలుగు భాగాలు, ముందస్తు హెచ్చరిక, మళ్ళింపు, పని జాగా, ముగింపు, అన్నీ అందులో ఉన్నాయి. అయితే అది ఇంగ్లీషులో ఉంటుంది, చదివేది కన్సల్టెంటు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్మాణ ప్రమాణాల పుస్తకానికి ఆరెంజ్ బుక్ అని ముద్దుపేరు. అందులో 112వ క్లాజు పని జరిగేటప్పుడు వాహనాల రాకపోకలకు చెయ్యాల్సిన ఏర్పాట్లన్నీ చెబుతుంది. చివరికొచ్చేసరికి, మళ్ళింపు రోడ్డూ దాని మీది తాత్కాలిక కల్వర్టులూ తప్ప మిగతావి పనిలో అంతర్భాగమే, విడిగా చెల్లింపు ఉండదు అంటుంది. మొత్తం చిక్కు ఆ ఒక్క వాక్యంలో ఉంది. బోర్డు పెట్టినా అదే డబ్బు, పెట్టకపోయినా అదే డబ్బు అయితే, అందరికంటే తక్కువ ధర వేసి టెండరు గెలవడానికి గొంతు కోసుకున్న కాంట్రాక్టరు మొట్టమొదట ఎక్కడ మిగుల్చుకుంటాడో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

శిక్షణ సంస్థలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన న్యాక్ తాపీ, ప్లంబింగ్, కరెంటు, వెల్డింగు పనుల్లో ఎంతోమంది కుర్రాళ్ళను తయారుచేసింది. దాని కోసం కాంట్రాక్టు బిల్లుల్లోంచి కొంత కోత కూడా ఉంటుంది. గచ్చిబౌలి ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీలో ఇంజనీర్లకు తరగతులు నడుస్తాయి. ఎర్రజెండా పట్టడాన్ని మాత్రం మనం ఎప్పుడూ ఒక పనిగా లెక్కపెట్టలేదు. బరువు మొయ్యలేని ముసలమ్మకో, బడి మానేసిన పిల్లాడికో ఇచ్చే తేలిక కూలీ అది. నేర్పడానికి డబ్బు లేక కాదు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు చట్టం కింద నిర్మాణ వ్యయంలో 1 శాతం వసూలవుతూ వచ్చింది. కూలీల సంక్షేమానికి ఉద్దేశించిన ఆ డబ్బుతో లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారన్న సంగతి 2017లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చి న్యాయమూర్తులే నివ్వెరపోయారు. తాపీ కూలీకి వాషింగ్ మెషీన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మనకు నేర్పే సంప్రదాయమే లేదని కాదు. చెరువు కట్టలు వేసిన ఒడ్డెరలు గునపం దించిన తీరులోనే మట్టి సంగతి కనిపెట్టేవాళ్ళు. నల్లరేగడి గోడ వాన పడ్డాక ఎప్పుడు జారుతుందో, మొరం గోడ ఎంతసేపు నిలుస్తుందో తాత తండ్రికి, తండ్రి కొడుక్కి చెప్పుకున్న విద్య అది. ఇవాళ డ్రైనేజీ కందకాల్లో దిగే కూలీకి ఆ విద్య లేదు, దాని స్థానంలో కొత్తదీ రాలేదు. అమెరికా నిబంధన ప్రకారం అయిదు అడుగుల లోతు కందకానికి గోడలు ఆపే ఏర్పాటు తప్పనిసరి, అందులో దిగినవాడికి 25 అడుగుల లోపల నిచ్చెన అందాలి. ఘనగజం మట్టి దాదాపు 1,350 కిలోలు, ఒక చిన్న కారంత బరువు. కందకంలో మట్టిపెళ్ళలు విరిగిపడి కూలీల మృతి అనే వార్తను మనం ఎన్నిసార్లు చదివి పేజీ తిప్పామో ఎవరికి వారే గుర్తు చేసుకోవాలి.

టిప్పరు క్లీనరు ఇంకో బడి. బండి వెనక్కి వస్తుంటే పక్కన పరిగెత్తుతూ "రానీ, రానీ, రానీ... ఆప్!" అని డోరు మీద చరిచే కుర్రాడు అయిదారేళ్ళకు డ్రైవరు అయ్యేవాడు. ఎక్కడ కనిపించదో, అద్దం ఏది చూపదో వాడికి ఒళ్ళంతా తెలిసేది. పని జాగాలో కూలీలు చనిపోయేది బయటి కార్ల కింద మాత్రమే కాదు, తమ సొంత టిప్పర్ల వెనక చక్రాల కింద కూడా. ఇది అమెరికాకూ మనకూ ఒకటే. జీతం మిగులుతుందని క్లీనరును మాన్పించిన ఓనర్లు ఆ బడిని కూడా మూసేశారు. దాని బదులు పెట్టిన బీప్ బీప్ శబ్దం చుట్టూ నాలుగు బండ్లు ఉన్నచోట ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఈ సమస్యకు పెద్ద పెద్ద మందులు రాసే అలవాటు నాకు లేదు. 112వ క్లాజులో ఆ ఒక్క వాక్యం మార్చి, బోర్డులకూ డ్రమ్ములకూ జెండా మనిషికీ అంచనాల్లో విడిగా రేటు పెడితే సగం పని అవుతుంది. రేటు ఉన్నచోట లెక్క చూసే ఇంజనీరు ఉంటాడు. లెక్క చూసేవాడు ఉంటే ఆ మనిషికి సర్టిఫికెట్ ఉందా అని అడుగుతాడు. సర్టిఫికెట్ కావాలంటే న్యాక్ రెండు రోజుల తరగతి పెడుతుంది, తెలుగులోనో, ఒడియా, బెంగాలీ కూలీలుంటే వాళ్ళ భాషలోనో. ఇక్కడ రోడ్డు భద్రతా పాఠాలు స్పానిష్‌లో కూడా చెబుతారు, పనికి వచ్చినవాడు ఏ భాషవాడైతే ఆ భాషలో. మిగిలిన సగం కష్టమైనది. రోడ్డు పని పెద్ద కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అతని నుంచి గుంపు మేస్త్రికి దిగుతుంది. పాలమూరు నుంచి అడ్వాన్సు ఇచ్చి తోలుకొచ్చిన కూలీ ఈ నెల ఇక్కడ, వచ్చే నెల మహారాష్ట్రలో. ఫార్మింగ్టన్ హిల్స్ రోడ్ల శాఖలో ఉన్న మనిషికి ఇవాళ నేర్పితే పదేళ్ళు ఆ ఊళ్ళోనే ఉపయోగపడతాడు. మనం నేర్పిన కూలీ ఎక్కడికి పోతాడో నేర్పినవాడికే తెలియదు. అందుకని నేర్పాల్సింది, సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మేస్త్రికి కూడా. గుంపు ఎటు పోయినా మేస్త్రి వెంటే పోతుంది కాబట్టి పాఠం కూడా అతని వెంట పోతుంది.

గడిచిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు జడ్చర్ల దాటాక ఒకచోట సగం రోడ్డు తవ్వి ఉంది. కారు ఆపాను. మలుపు మీద, సరిగ్గా ఎదురొచ్చే బండికి కనపడని చోట, యాభై దాటిన ఒకామె కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుని నిలబడింది. అది పాత చీరకొంగు ముక్క. తలకు టవలు, కాళ్ళకు తెగిన చెప్పులు.

"అమ్మా, ఎవరి మనిషివి?" అని అడిగాను.

"మేస్త్రి మనిషిని సారూ."

"ఏ కంపెనీ పని ఇది?"

"అది నాకేం ఎరక? మేస్త్రి తోలుకొచ్చిండు."

"ఇక్కడ నిలబడమని ఎవరు చెప్పారు? ఏం చెయ్యమన్నారు?"

"బండ్లొస్తే ఊపుమన్నడు."

"ఆగకుండా మీదికొస్తే?"

ఆమె నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, వెనక తవ్విపోసిన మట్టికుప్ప చూపించింది. "అటు దుంకుత." అప్పుడే మలుపు అవతల లారీ హారన్ వినిపించింది. నన్ను పక్కకు జరగమని చెయ్యి ఊపి, కర్ర పైకెత్తింది.